నమీబ్ ఇసుకలో కదలని చుక్కల కోసం: ప్రాజెక్టు డైరీ

జూన్ మొదట్లో

నమీబియా తీరం వెంబడి పరుచుకున్న నమీబ్ ఇసుక సముద్రం ఉంది కదా, దాని ఉత్తర భాగానికి సంబంధించిన 1960ల నాటి నలుపు-తెలుపు ఏరియల్ ఫొటోల స్కాన్లు చేతికొచ్చాయి. ఉత్తరాన కుయిసెబ్ నది, పడమర అట్లాంటిక్, తూర్పున ఇసుక పలచబడి గడ్డి నేల మొదలయ్యే అంచు. ఈ ఫొటోలన్నిటినీ ఇవాళ్టి మ్యాపు మీద సరిగ్గా కూర్చోబెట్టాలి. ఆ తర్వాత ఏ దిబ్బ ఎంత జరిగింది, ఏది ఉన్నచోటే ఉంది అన్నది కొలవాలి. పని ఇంతే. వినడానికి చిన్నదే.

పాత ఫొటోను మ్యాపు మీద కూర్చోబెట్టాలంటే రెండింటిలోనూ కనిపించే చోట్లు కొన్ని కావాలి. వీటినే గ్రౌండ్ కంట్రోల్ పాయింట్లు అంటాం. నేను ఆధార బిందువులు అని రాసుకుంటున్నాను. ఊరి ఫొటో అయితే రోడ్డు కూడలి, గోడ మూల, వంతెన చివర ఇలా ఎన్నయినా దొరుకుతాయి. ఇసుక సముద్రం మధ్యలో తీసిన ఫ్రేము తెరిస్తే ఈ మూల నుంచి ఆ మూల దాకా దిబ్బలే.

అసలు చిక్కు దొరక్కపోవడంలో లేదు. తప్పు చోట దొరకడంలో ఉంది. ఆధార బిందువు కదలదని నమ్మే లెక్క మొదలుపెడతాం. అది నిజంగా కదిలిందే అనుకోండి, లెక్క ఆ కదలికను ఫొటోలోని వంకరగా తీసుకుని ఫొటోనే సాగదీసి సర్దేస్తుంది. అంటే నేను కొలవాలనుకున్నది కొలవకముందే చెరిగిపోతుంది. పైగా తేడాలన్నీ చిన్నగా, ఫలితం ముచ్చటగా కనిపిస్తుంది. దిబ్బలు కదల్లేదని ధీమాగా చెబుతుంది. అందుకే ఈ ప్రాజెక్టులో నేను పెట్టుకున్న నియమం: ఒక చోటు రెండు కాలాల్లోనూ కనిపించినంత మాత్రాన చాలదు, అది కదల్లేదని విడిగా రుజువు కావాలి.

ఫొటోల వివరాలు రాసి పెట్టుకుంటున్నాను. ఒక్కోటి 23 సెంటీమీటర్ల చదరం, లెన్సు ఫోకల్ లెంగ్త్ 152 మిల్లీమీటర్లు, స్కేలు సుమారు 1:50,000. ఆ లెక్కన విమానం నేలకు 7,600 మీటర్ల ఎత్తున ఎగిరింది. ఒక ఫ్రేములో ఒక్కో వైపు 11.5 కిలోమీటర్లు ఉన్న చదరం నేల పడుతుంది. స్కానర్ పిక్సెల్ 21 మైక్రాన్లు, అంటే నేల మీద మీటరుకు కాస్త పైన. వరసలో ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ 60 శాతం నేల ఉమ్మడిగా ఉంది. అంచుల్లోని ఫిడ్యూషియల్ గుర్తులు (ఫొటో తీసేటప్పుడు కెమెరాయే ముద్రించే కొలత గుర్తులు) దాదాపు అన్ని ఫ్రేముల్లోనూ బాగానే ఉన్నాయి. ఫిల్మ్ ఏమైనా ముడుచుకుందేమో, స్కానింగ్‌లో వంకర పోయిందేమో పసిగట్టేది వాటితోనే, కాబట్టి పెద్ద ఊరట.

జూన్ రెండో వారం: శిఖరాలు ఎందుకు వద్దు

ఫ్రేము తెరవగానే కంటికి ముందు ఆనేది దిబ్బ శిఖరపు గీత. పదునుగా, కత్తిరించినట్టు ఉంటుంది. రెండు శిఖరాలు కలిసే చోటైతే కూడలిలాగే కనిపిస్తుంది. అక్కడ చుక్క పెట్టాలని ఎవరికైనా చెయ్యి లాగుతుంది. పెట్టకూడదు. కారణాలు రెండు.

మొదటిది, శిఖరం ఊగుతుంది. బ్లాకు (ఈ ఫ్రేములన్నీ కలిసి కప్పే ప్రాంతం) నడుమ ఉన్నవి ఉత్తర-దక్షిణంగా సాగే పొడవాటి దిబ్బలు. వంద మీటర్ల ఎత్తున్నవి కొల్లలు. ఏడాదిలో కొంతకాలం నైరుతి వైపు నుంచి, చలికాలంలో తూర్పు నుంచి గాలి వీస్తుంది. గాలి మారినప్పుడల్లా శిఖరం అటు కొంత, ఇటు కొంత జరిగి మళ్ళీ వెనక్కి వస్తుంది. కింది పీఠం మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. కుయిసెబ్ ఒడ్డున గోబాబెబ్‌లో 1962లో మొదలైన పరిశోధనా కేంద్రం నుంచి ఇలాంటి దిబ్బలను ఏళ్ళ తరబడి కొలిచారు. ఏ నెలలో తీసిన ఫొటోలో ఆ నెల శిఖరమే ఉంటుందన్నమాట.

రెండోది కెమెరా జ్యామితి. నిట్టనిలువుగా కిందికి చూసే కెమెరాలో కూడా ఎత్తయిన వస్తువు ఫొటో మధ్య నుంచి బయటికి వాలి కనిపిస్తుంది. ఎంత వాలుతుందో తేల్చడం తేలిక: మధ్య నుంచి దూరాన్ని వస్తువు ఎత్తుతో గుణించి, విమానం ఎత్తుతో భాగించాలి. ఫొటో మధ్య నుంచి 80 మిల్లీమీటర్ల దూరంలో 100 మీటర్ల దిబ్బ ఉంటే దాని శిఖరం 1.05 మిల్లీమీటర్లు జరుగుతుంది. నేల మీద అది 52 మీటర్ల పైమాటే. ఎత్తు తెలిస్తే సరిచేయొచ్చు, కానీ ఆ ఫొటో తీసిన రోజున శిఖరం ఎత్తెంతో ఎవరికి తెలుసు?

అందుకని శిఖరాలకు స్వస్తి. దిబ్బల మధ్య పల్లాల్లోనే వెతకాలి.

కళ్ళకు సంబంధించిన చిన్న సంగతి ఒకటి. స్కాన్‌ను నీడలు కిందివైపు పడేలా తిప్పుకుంటేనే దిబ్బ దిబ్బలా కనిపిస్తుంది. తలకిందులైతే దిబ్బలు లోయల్లా, లోయలు దిబ్బల్లా అనిపిస్తాయి. విమానం ఒక వరసలో తూర్పుకు, మరో వరసలో పడమరకు ఎగిరింది కాబట్టి స్కాన్లు రెండు రకాలుగా ఉన్నాయి. అన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పి పెట్టుకున్నాకే పని మొదలుపెట్టాను.

జూన్ నెలాఖరు: పల్లాల నేల

ఈ పల్లాల గురించి కాస్త వివరంగా రాయాలి, ప్రాజెక్టు ప్రాణం వీటిలోనే ఉంది.

పొడవాటి దిబ్బల మధ్య దూరం సుమారు రెండు కిలోమీటర్లు. కాబట్టి ఒక ఫ్రేములో ఐదు దాకా పల్లాలు పడతాయి. పైపైన చూస్తే తెల్లటి పట్టీలు. కాంట్రాస్టును ఒక్కో పట్టీకి విడిగా పెంచి చూస్తే నేలలో తేడాలు బయటపడతాయి. ఫొటో మొత్తానికి ఒకేసారి పెంచితే లాభం లేదు, దిబ్బల నీడలే ఆ తేడానంతా మింగేస్తాయి. చిన్న కిటికీ తీసుకుని అందులోనే సర్దాలి. అప్పుడు కంకర పరిచిన చోట్లు ముదురు బూడిద రంగులో, సున్నపు పొర బయటపడ్డ చోట్లు తెల్లటి మచ్చల్లా, బంకమట్టి గట్టిపడిన పాన్‌లు (చదునైన లోతులేని గుంటలు) పాలిపోయిన తెలుపులో, పొదలు నల్లటి చుక్కల్లా తేలతాయి.

ఇవాళ మచ్చుకు ఒక పల్లాన్ని క్షుణ్ణంగా చూశాను. అందులో చిన్న బంకమట్టి పాన్ ఉంది, దాని అంచు ఒకచోట లోపలికి నొక్కుకుపోయింది. పక్కనే సున్నపు పొర మచ్చ, ఎలుగు చెవి ఆకారంలో. కాస్త దక్షిణంగా నారా పొదల గుట్టలు మూడు. నారా ఈ ఎడారికే ప్రత్యేకమైన పుచ్చజాతి మొక్క. ఆకులుండవు, ముళ్ళుంటాయి, వేరు చాలా లోతుకు పోతుంది, ఏళ్ళకేళ్ళు బతుకుతుంది. ఎగిరొచ్చే ఇసుకను పట్టుకుని తన చుట్టూ గుట్ట కట్టుకుంటుంది. పాత ఫొటోలోనూ కొత్త శాటిలైట్ చిత్రంలోనూ ఈ ఐదూ ఉన్నాయి.

ఇక పరీక్ష. పల్లం నేల దాదాపు సమతలం, ఐదూ ఒకదానికొకటి దగ్గరే. అందువల్ల ఇక్కడ కెమెరా జ్యామితి జోలికి పోకుండానే పాత గుంపును కొత్త గుంపు మీద పెట్టి స్కేలు, తిప్పుడు, జరుపు ఈ మూడింటితోనే సరిచూడొచ్చు. నేల నిజంగా కదలకుండా ఉంటే ఐదు చుక్కలూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. పాన్ నొక్కు, సున్నపు మచ్చ, రెండు గుట్టలు రెండు మీటర్లలోపే కలిశాయి. మూడో గుట్ట మాత్రం ఈశాన్యానికి ఆరు మీటర్లు తప్పింది.

జూమ్ చేసి చూస్తే కారణం కనబడింది. ఆ గుట్టకు గాలివాటున, అంటే ఉత్తరం, ఈశాన్యాల వైపు ఇసుక తోక పెరిగింది. తోకతో సహా చూసినప్పుడు గుట్ట మధ్య అనిపించే చోటు జరిగింది, మొక్క జరగలేదు. చుక్కను గుట్ట నడిమి నుంచి నల్లగా కనిపించే మొక్క మీదికి మార్చగానే తేడా రెండున్నర మీటర్లకు దిగింది. ఈ ఒక్క పల్లంతో నారా పొదలకు నియమం తేలిపోయింది: గుట్టను కొలవొద్దు, పొదను కొలవాలి. మొక్క ఎండిపోయి ఒట్టి ఇసుక గుట్టే మిగిలితే వదిలేయాలి.

ఒక చుక్కను విడిగా గుర్తుపట్టడం కంటే ఇలా గుంపుగా పట్టడం ఎంతో నమ్మకంగా ఉంది. నల్ల చుక్క ఒంటరిగా ఉంటే అది పొదా, రాయా, నీడా అన్నది తెగదు. నాలుగైదు కలిసి ఒకే అమరికలో కనిపిస్తే పొరబడే వీలు తగ్గుతుంది. ఇకనుంచి ఒంటరి చుక్కల్ని తీసుకోను.

ఇదే పద్ధతిలో పాత సరస్సుల అడుగులు కూడా పనికొస్తున్నాయి. ఇప్పుడు దిబ్బల మధ్య ఎండిపోయి ఉన్నా, ఒకప్పుడు నీరు నిలిచిన చోట్లు నమీబ్‌లో కొన్ని ఉన్నాయి, నారాబెబ్ అలాంటిదే. అక్కడ గట్టిపడ్డ మట్టి, సున్నపు పొరలు ఇసుక పైకి తేలి ఉంటాయి. వాటి మూలలు గాలికి అరిగినా ఆ వేగం మన కొలతలకు అందేది కాదు. ఒక్కటే జాగ్రత్త, అంచును ఇసుక కప్పి ఉండొచ్చు. పొర నిజంగా ముగిసిన చోటా, ఇసుక కిందికి వెళ్ళిపోయిన చోటా అన్నది చూడాలి. ముగిసిన చోట అంచు మెలికలు తిరిగి ఉంటుంది, కప్పబడిన చోట నున్నగా వంపు తిరుగుతుంది.

జులై మొదటి వారం: మరకలు, నీడలు

నేను పెట్టిన చుక్కల్ని మా సీనియర్ ఒకాయన విడిగా, నా గుర్తులు చూడకుండా మళ్ళీ పెట్టారు. ఇద్దరి చుక్కల మధ్య తేడాయే అసలు గురి ఎంత బాగుందో చెబుతుంది. పాన్ నొక్కుల దగ్గర పిక్సెల్, పిక్సెలున్నర తేడా. నారా పొదల దగ్గర రెండు పిక్సెళ్ళు. రాతి గుట్టల మొదళ్ళ దగ్గర మాత్రం నాలుగైదు. ఇసుక ఎక్కడ ఆగి రాయి ఎక్కడ మొదలైందన్నది చూసేవాళ్ళను బట్టి మారిపోతుంది. వాటికి లెక్కలో బరువు తగ్గించాను.

ఒక ఫ్రేములో రెండు పొదల్ని ఆయన తిరగ్గొట్టారు. "ఇది పొద కాదమ్మా, ఫిల్మ్ మీద మరక. పక్క ఫ్రేములో చూడు, ఉండదు" అన్నారు. చూస్తే నిజమే, ఒకటి లేదు. రెండోది ఉంది, దాన్ని ఉంచాం. ప్రతి చుక్కా కనీసం రెండు ఫ్రేముల్లో కనిపించాలన్న షరతు ఆ రోజే చేర్చాం. 60 శాతం ఉమ్మడి నేల ఉంది కాబట్టి ఇదేమీ కష్టం కాదు.

చెట్ల విషయం. కుయిసెబ్ ఒడ్డున అనా చెట్లు, ఒంటె తుమ్మలు బాగా పెద్దవి ఉన్నాయి. దిబ్బ కథే చెట్టుకూ వర్తిస్తుంది: 15 మీటర్ల చెట్టు కొమ్మల పైభాగం ఫొటో మధ్య నుంచి 80 మిల్లీమీటర్ల దూరంలో దాదాపు 8 మీటర్లు వాలి కనిపిస్తుంది. కొమ్మల గుబురు మధ్యలో చుక్క పెడితే పోయినట్టే. మొదలు కనిపించదు, కానీ నీడ ఎక్కడ మొదలవుతుందో అదే మొదలు. నది ఒడ్డు చెట్లను వరదలు కూలుస్తాయి, కొత్తవి మొలుస్తాయి. ఆ చెట్టూ ఈ చెట్టూ ఒకటేనన్నది మధ్య కాలపు ఫొటో ఉంటేనే నమ్ముతున్నాను.

ఒక స్ట్రిప్ (విమానం ఒక వరసలో తీసిన ఫ్రేములు) దక్షిణాన సోసస్‌వ్లే దాకా పోతుంది. అక్కడి డెడ్‌వ్లే అనే తెల్లటి పాన్‌లో ఎండిపోయిన ఒంటె తుమ్మలు వందల ఏళ్ళుగా నిలబడి ఉన్నాయి. కుళ్ళడానికి కావలసిన తడి కూడా లేని గాలి అది. చచ్చిపోయిన చెట్టు పెరగదు, నీడ మోడు నుంచే మొదలవుతుంది, చుట్టూ గట్టి నేల. ఆధార బిందువులకు ఇంతకన్నా ఏం కావాలి! ఆ ఫ్రేములు చేస్తున్నప్పుడు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

జులై మూడో వారం: తూర్పు అంచు వలయాలు

తూర్పు అంచు ఫ్రేముల్లో నేలంతా గుండ్రటి వలయాలు. ఫెయిరీ సర్కిల్స్ అని ప్రపంచమంతా పిలిచేవి ఇవే: గడ్డి నేలలో గడ్డి మొలవని గుండ్రటి ఖాళీలు, చుట్టూ కాస్త ఎత్తుగా గడ్డి కట్టు. చెదపురుగుల పనా, నీటి కోసం మొక్కల మధ్య పోటీయా అన్న వాదన శాస్త్రవేత్తల్లో ఇంకా నడుస్తోంది. మనకు కావలసింది వేరే సంగతి. ఫొటోలో ఇవి ఎంత స్పష్టంగా ఉంటాయంటే, కంప్యూటరు తనంతట తాను చుక్కలు వెతికితే మొదట వీటినే పట్టుకుంటుంది.

పట్టుకోనివ్వకూడదు. వలయాలు పుడతాయి, పెరుగుతాయి, గడ్డి మొలిచి పూడిపోతాయి. 2012లో వచ్చిన ఒక అధ్యయనం శాటిలైట్ చిత్రాలతో వీటి ఆయుర్దాయాన్ని అంచనా వేసింది: సగటున 41 ఏళ్ళు. మన పాత ఫొటోకూ ఇవాళ్టికీ మధ్య అంతకంటే ఎక్కువ కాలమే గడిచింది. కాబట్టి అప్పటి వలయాల్లో చాలావాటి చోట ఇప్పుడు గడ్డి ఉంది, పక్కనే కొత్త వలయం వచ్చి ఉంది. వలయాల అమరిక ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది, అదే పెద్ద ప్రమాదం. పది మీటర్లు పక్కకు జరిపినా పొందిక కుదిరినట్టే అనిపిస్తుంది. మాస్క్ గీసి ఆ ప్రాంతం మొత్తాన్ని ఆటోమేటిక్ మ్యాచింగ్ నుంచి తప్పించాను. తూర్పున రాతి గుట్టలు ఉన్నాయి, వాటితో సరిపెట్టుకున్నాను.

జులై నెలాఖరు: తీరం, ఓడ

సముద్ర తీరపు గీతను ఆధార బిందువుగా తీసుకునే ప్రశ్నే లేదు. ఆటుపోట్లు ఒకటి, ఇసుక మేటలు మరొకటి. శాండ్‌విచ్ హార్బర్ దగ్గర ఇసుక నాలుక ఏ రెండు కాలాల ఫొటోల్లోనూ ఒకేలా లేదు. తీరం వెంబడి దిబ్బలు కూడా వేరే రకం: అడ్డంగా, నెలవంకల్లా ఉండి ఉత్తరం వైపు నడిచేవి. ఇలాంటి నెలవంక దిబ్బలు ఎంత వేగంగా పోతాయో 20వ శతాబ్దం మొదట్లోనే ఈజిప్టులోని ఖర్గా ఒయాసిస్ దగ్గర బీడ్‌నెల్ కొలిచి చూశాడు. ఏడాదికి సుమారు 15 మీటర్లు. ఆ లెక్కన అరవై ఏళ్ళకు తొమ్మిది వందల మీటర్లు. చిన్న దిబ్బ అయితే పాత చోట దాని ఆనవాలు కూడా మిగలదు.

అయితే తీరంలో ఒక వరం ఉంది. కన్సెప్షన్ బే దగ్గర 1909లో పొగమంచులో ఒడ్డుకు ఎక్కిన ఎడ్వర్డ్ బోలెన్ అనే ఓడ. తీరం పడమరకు జరుగుతూ పోవడంతో ఇప్పుడది నీళ్ళకు సుమారు 400 మీటర్ల దూరాన ఇసుకలో పడి ఉంది. తొంభై మీటర్ల పైచిలుకు పొడవున్న ఓడ కాబట్టి మన ఫొటోలో తొంభై పిక్సెళ్ళ దాకా ఉంటుంది. ముందు కొస, వెనక కొస విడివిడిగా పెట్టొచ్చు.

ఇక్కడా జాగ్రత్త తప్పదు. ఓడ పక్కలకు ఇసుక ఒరిగింది, ఇనుము తుప్పు పట్టి విరిగింది. అప్పటి పైభాగం ఇప్పుడు లేదు. అందుకని ఇసుక మట్టానికి దగ్గరగా ఉన్న కొసల్నే తీసుకుని, రెండింటి మధ్య దూరం పాత ఫొటోలోనూ కొత్తదానిలోనూ సరిపోలుతుందో లేదో చూశాను. మీటరున్నర తేడా. సరిపోయింది. ఆ ఫ్రేము చుట్టుపక్కల పాడుబడ్డ వజ్రాల శిబిరాల గోడలు కూడా కొన్ని ఉన్నాయి. వాటిలో ఇసుక నిండినా మూలలు తెలుస్తున్నాయి. పడమటి అంచు అంతటికీ ఈ కాసిని చుక్కలే దిక్కు.

ఆగస్టు మొదట్లో: కోఆర్డినేట్లు

కొత్త శాటిలైట్ చిత్రాల మొజాయిక్ (ముక్కలు అతికించి చేసిన పెద్ద చిత్రం) కూడా ఎక్కడికక్కడ నాలుగైదు మీటర్లు జరిగి ఉండొచ్చు, అతుకు అతుక్కీ వేరేగా. దాన్ని సరిచూడటానికి కొండల మీది పాత ట్రిగ్ స్తంభాల (సర్వేవాళ్ళు కచ్చితంగా కొలిచి నిలిపిన గుర్తుల) కోఆర్డినేట్లు తీసుకున్నాను. నమీబియా పాత సర్వే ష్వార్జెక్ డేటమ్ (కోఆర్డినేట్లన్నీ లెక్కించే మూల ఆధారం) మీద నడిచింది. అక్షాలు మనం అలవాటు పడ్డ దిక్కుల్లో ఉండవు: వై పడమరకు, ఎక్స్ దక్షిణానికి పెరుగుతాయి. పైగా కొలమానం జర్మన్ లీగల్ మీటరు. అది మామూలు మీటరు కంటే పది లక్షల్లో 13.6 వంతు పెద్దది. వంద కిలోమీటర్లకు 1.36 మీటర్ల తేడా అన్నమాట. మన గురే మీటరున్నర ఉన్నప్పుడు దీన్ని వదిలేయడానికి వీల్లేదు.

స్తంభం మన పాత ఫొటోలో కనిపించదు, కొత్త చిత్రంలో దాని నీడ కనిపిస్తుంది. కాబట్టి స్తంభాలతో కొత్త చిత్రాన్ని సరిచేయాలి, సరిచేసిన కొత్త చిత్రంతో పాత ఫొటోను. ఈ వరస తప్పకూడదు.

ఆగస్టు మధ్యలో: ఎత్తులు

ప్రతి చుక్కకూ ఎత్తు కావాలి. 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎం అనే ఎత్తుల నమూనా ఒకటుంది. టాన్‌డెమ్-ఎక్స్ రాడార్ ఉపగ్రహాల కొలతల నుంచి తయారైన కోపర్నికస్ 30 మీటర్ల నమూనా ఇంకొకటి. రెండోదాన్నే వాడుతున్నాను. పొడి ఇసుకలో రాడార్ తరంగం కాస్త లోపలికి దిగుతుంది, తరంగం పొడవయ్యే కొద్దీ మరింత లోతుకు. 1981లో షటిల్ మీద పెట్టిన పొడవు తరంగాల రాడార్ తూర్పు సహారాలో ఇసుక కింద పూడిపోయిన నదుల దారుల్ని చూపించింది కూడా ఇందువల్లే. ఆ సంగతి చదివిన ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ ఎత్తులు కొలిచేవాళ్ళకు అది లోపమే, పొట్టి తరంగం వాడిన నమూనా మేలు.

సరిచూడటానికి 2018లో ఎగిరిన ఐస్‌శాట్-2 ఉపగ్రహం లేజర్ కొలతలు తీసుకున్నాను. చెట్టూ చేమా లేని నేల కాబట్టి లేజర్‌కు పండగే. పల్లాల మీదుగా పోయిన చోట నేల గీత గీసినట్టు వస్తుంది. ఒకటి గుర్తుంచుకోవాలి, లేజర్ ఎత్తులు ఎలిప్సాయిడ్ (భూమికి లెక్కల్లో వాడే నున్నటి ఆకారం) నుంచి, కోపర్నికస్ ఎత్తులు ఈజీఎం2008 జియాయిడ్ (సగటు సముద్ర మట్టపు ఆకారం) నుంచి. రెండింటి మధ్య తేడా పదుల మీటర్లలో ఉంటుంది. ఒకే మట్టానికి తెచ్చాక పల్లాల్లో రెండూ రెండు మీటర్ల లోపు కలిశాయి. ఫొటో మధ్య నుంచి 80 మిల్లీమీటర్ల దూరంలో 4 మీటర్ల ఎత్తు పొరపాటు వస్తే నేల మీద 2 మీటర్ల జరుగు వస్తుంది కాబట్టి ఇది సరిపోయే నాణ్యతే.

ఆగస్టు నెలాఖరు: మధ్యలో ఏమీ లేని ఫ్రేములు

అన్ని ఫ్రేములనూ కలిపి బండిల్ అడ్జస్ట్‌మెంట్ (ప్రతి ఫ్రేము ఎక్కడి నుంచి, ఏ వాలుతో తీశారో ఒకేసారి తేల్చే లెక్క) మైక్‌మాక్‌లో నడిపాను. ఫ్రాన్స్ మ్యాపింగ్ సంస్థ ఐజీఎన్‌లో తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, పాత ఫిల్మ్ ఫొటోలకు బాగా పనికొస్తుంది. ఆధార బిందువులు లేని ఫ్రేములు పక్క ఫ్రేములతో ఉమ్మడి చుక్కల ద్వారా కలుస్తాయి. ఆ ఉమ్మడి చుక్కలు దిబ్బల మీద ఉన్నా పరవాలేదు. రెండు ఫ్రేముల మధ్య గడిచింది సెకన్లే, ఆలోపు ఇసుక ఎక్కడికీ పోదు.

ఇబ్బంది వేరే వచ్చింది. నున్నటి ఇసుక మీద మ్యాచింగ్‌కు పట్టు దొరకదు. దిబ్బల వాలుల మీద ఖాళీలు ఏర్పడ్డాయి, చుక్కలన్నీ పల్లాల పట్టీల్లోనే వరసగా కూర్చున్నాయి. ఒకే గీత మీది చుక్కలతో ఫొటో ఆ గీత చుట్టూ ఒరిగినా లెక్కకు తెలియదు. ప్రతి ఫ్రేములో కనీసం మూడు వేరువేరు పల్లాల నుంచి చుక్కలు ఉండేలా చేత్తో కలిపాను. విసుగు పుట్టించే పనే, కానీ తేడా వెంటనే కనిపించింది.

రెండోది, లెన్సు వక్రత (లెన్సు వల్ల ఫొటోలో వచ్చే వంకర) కచ్చితంగా తెలియకపోతే బ్లాకు మొత్తం గుమ్మటంలా ఉబ్బుతుంది. అంచుల్లో మాత్రమే ఆధార బిందువులు ఉంటే నడుమ ఉబ్బు బయటపడదు. ఇక్కడ మళ్ళీ నారాబెబ్ లాంటి సరస్సు అడుగులే ఆదుకున్నాయి. బ్లాకు నడిబొడ్డున ఉన్న ఆ కొద్ది చుక్కల్లో సగాన్ని లెక్కలోకి తీసుకుని, సగాన్ని దాచిపెట్టాను. దాచినవే చెక్ పాయింట్లు. లెక్కకు వాటి సంగతి తెలియదు కాబట్టి నిజం చెప్పేవి అవే. నడుమ ఎత్తు తేడా మొదట 20 మీటర్లకు పైగా వచ్చింది. వక్రతను కూడా లెక్కలో తేల్చమన్నాక 5 మీటర్లకు దిగింది.

సెప్టెంబరు: ఇప్పటికి ఎక్కడున్నాం

ఉత్తర భాగం, అంటే కుయిసెబ్‌కు ఆనుకున్న ఫ్రేములు గట్టిగా కూర్చున్నాయి. నదికి ఉత్తరాన కంకర మైదానం ఉంది. ఇసుకను నది అక్కడే ఆపేస్తుంది. ఆ ఒడ్డున చిన్న వాగులు కలిసే చోట్లు, రాతి బయళ్ళు, దశాబ్దాల తరబడి చెరగని బండి జాడల కూడళ్ళు ఎన్నో దొరికాయి. జాడలు మాత్రం రెండూ పాత ఫొటోలో ఉన్నవైతేనే తీసుకున్నాను. చెక్ పాయింట్ల దగ్గర తేడా అక్కడ 3 మీటర్లు, నడుమ 5 మీటర్లు, తీరంలో 8 దాకా.

ఈ కొలతలతో చెప్పగలిగింది ఇంతవరకే: నడుమ ఉన్న పొడవాటి దిబ్బల పీఠం అంచులు నేను చూసిన చోటల్లా మా తేడా పరిధిలోనే ఉన్నాయి. శిఖరాలు ఇరవై ముప్పై మీటర్లు పక్కకు ఉన్న చోట్లు ఉన్నాయి, కానీ ఫొటో తీసిన నెలలు వేరు కాబట్టి దాన్ని దీర్ఘకాలపు కదలికగా రాయను. తీరపు దిబ్బలు మాత్రం నిస్సందేహంగా ఉత్తరానికి నడిచాయి. ఏ దిబ్బ ఏదో పోల్చుకోవడానికి మధ్య కాలపు ఫొటోలు కావాలి, వాటి స్కాన్లు అడిగాను.

అవి వచ్చేలోగా తీరపు స్ట్రిప్‌లో వజ్రాల శిబిరాల గోడ మూలల్ని మా సీనియర్ చేత మరోసారి విడిగా పెట్టించాలి. ఆయన చుక్కలూ నావీ రెండు పిక్సెళ్ళ లోపు కలిస్తే ఓడతో పాటు వాటికీ పూర్తి బరువిచ్చి బ్లాకును మళ్ళీ నడుపుతాను. కలవకపోతే తీరపు ఫలితాలను 8 మీటర్ల తేడాతోనే ప్రకటిస్తాం, అంతకంటే చిన్న కదలికల గురించి అక్కడ మాట్లాడం.